పుర్రచేతి మెలిక

పాకాల బాట మీద మా విచారణ గుడి
దూరంకెల్లి చూస్తే గుడి లెక్క ఉండది,
ఎవరి పెండ్లికో వేసి
విప్పుడు మరిచిపోయిన పందిరి లెక్క ఉంటది.
రెండు భుజాల మీద నత్తగుల్లల చుట్టలు,
నడుమకు చీలిన నొసలు,
ఆ చీలికల పావురాలు, ఒక గంట.

మొన్న పట్నంనుంచి ఇంజినీరు వచ్చిండు.
టేపు పట్టిండు, ఫోటోలు తీసిండు,
పీఠం కాడి మెలి కంబాలను చూసి
కాగితం మీద రాసుకున్నడు:
రెండూ ఒక్క దిక్కే తిరిగినయి, పొరపాటు,
ఒకటి కుడికి ఉంటే ఒకటి ఎడమకు ఉండాలె.
నేను ఊకున్న.
తాళంచేతులు నా కొంగుకే ఉన్నయి,
చెప్పుడు ఎప్పుడైన అయితది.

గుడి లేపిన ఏడు కాలం కాలేదు.
ఇటలీ ఫాదర్ ఒక అట్ట మీద బొమ్మ తెచ్చిండట,
తనకు జ్ఞానస్నానం ఇచ్చిన గుడిది.
లాల్ మొహియుద్దీన్ మేస్త్రి
దొరల గడీలకు సున్నంతోని నెమళ్లు పోసినోడు.
ద్రాక్షగుత్తులు ఎన్నడు తినలేదని
సీతాఫలాలు పెట్టిండు. ఫాదర్ ఏమనలే.
దేవదూతలకు బొద్దు బుగ్గలు కావాలన్ననాడు మాత్రం
సారువ దిగి చేతులు కడుక్కున్నడట:
"చూసి చేస్త సాబ్,
అసొంటి పిలగాన్ని ఒక్కణ్ని చూపియ్యి."
వాడంత తిరిగిన్రు.
సున్నంల కలపనీకి తెచ్చిన బెల్లం
రాత్రికి రాత్రి సగమయ్యే రోజులు.
అందుకే మా దూతల పక్కటెముకలు లెక్కపెట్టచ్చు.
రెక్కలు మాత్రం పెద్దయి.

కంబాల కాడ పని ఆగింది.
మెలి తిరగాలె అంటడు ఫాదర్, తెలుగు చాలదు,
గాలిల చేతులు తిప్పుతడు.
నిలబడ్డ కంబం ఎట్ల తిరుగుతదని కూలోళ్లు నవ్విన్రు.
గానుగ కాడ కరక్కాయ నీళ్లు పోసే పోశవ్వ,
మా అమ్మమ్మ, అప్పటికింక పేరు మారలే,
తడిసిన కొంగు పట్టి పిండింది.
"గిట్లనా అయ్యా?"
ఫాదర్ కండ్లల్ల నీళ్లు తిరిగినయంటరు,
సున్నం ఘాటుకేమో.
మేస్త్రి ఆ కొంగును చూసుకుంటనే
మొదటి కంబం పోసిండు.
రెండోదానికి మళ్ల పిలిచిండు.
మళ్ల పిండింది.
అదే కొంగు.
అదే పుర్రచెయ్యి.

ఇయ్యాల పీఠం తుడిచినంక
గంజుల బట్ట ముంచి పిండి చూసిన.
నాది కుడిచెయ్యి.
ఇంజినీరు కావాలన్న దిక్కే తిరిగింది.
జర సేపు పట్టుకొని,
విప్పి
దండెం మీద ఆరేసిన.