శ, ష, స

అక్షరాలన్నీ ఒక్కసారే పోవంట.
ఒంగోలు ఆస్పత్రిలో, బీరువాలాంటి గదిలో కూచోబెట్టి
తలకి డబ్బాలు తగిలించి
"ఇనపడ్డప్పుడల్లా మీట నొక్కు పెద్దాయనా" అన్న పిల్ల
తర్వాత కాగితం మీద గీత చూపించింది.
గీత కొంతదూరం చదునుగా పోయి
చీమకుర్తి క్వారీ అంచులాగా
ఉన్నట్టుండి లోయలోకి దిగింది.

"శ, ష, స. ముందు ఇవి పోతాయి,
ఉత్త గాలితో పలికేవి కదా."

ఇరవై రెండేళ్ళు రాయి కోశాను.
బ్లేడు రాతిని తాకినప్పుడు లేచే కేకని
మేం కేక అనం, పని అంటాం.
అది ఆగితేనే తలెత్తి చూస్తాం,
కరెంటు పోయిందా, ఎవడి చెయ్యన్నా పోయిందా అని.

షెడ్డులో మాకో భాష ఉండేది.
రెండు వేళ్ళెత్తితే టీ.
అరచెయ్యి తిప్పితే నీళ్ళు పెంచు.
మెడ మీద గీస్తే మేస్త్రీ వస్తన్నాడు.
ఒడిశా పిల్లోడు గదాధర్
తెలుగు ఒక్క ముక్క రాకుండానే
నాకంటే బాగా మాట్లాడేవాడు.

చెవి బిరడాలు ఇయ్యలేదనను.
ఇచ్చారు, నారింజ రంగువి, ఇన్‌స్పెక్టరు వచ్చిన పూట.
సాయంత్రం లెక్కపెట్టి డబ్బాలో వేయించుకున్నారు.
తర్వాత దూది.
దూది అయిపోతే బనీను పీలిక.

కంపెనీ డాక్టరు కారణం "వయసు" అన్నాడంట.
నాకు "వయ" దాకానే వచ్చింది.
మిగతాది కాగితంలో చదువుకున్నా.
నాకు యాభై ఒకటి.

నా పెళ్ళాం పేరు శేషమ్మ.
కొత్తలో ఆ పేరుని వక్కపలుకులా
బుగ్గన పెట్టుకు తిరిగేవాణ్ణి.
ఇప్పుడు పక్కింటి కోటమ్మ గోడ మీంచి పిలిస్తే
నాదాకా వచ్చేది "ఏ... అమ్మ."
ఎవరో ఎవరి తల్లినో వెతుక్కుంటన్నట్టు.

నాకోసం గొంతు పెంచింది శేషమ్మ.
పెంచిన గొంతు కోపంలానే ఉంటది.
రోజూ పోట్లాటే ఆ ఇంట్లో అనుకుంటన్నారంట వీధిలో.
మేం అరుచుకునేది చింతపండు గురించి, గ్యాసుబండ గురించి.
గుసగుసలు లేవిక మాకు.
ఆ మాటలోనే రెండు స-లున్నాయి.

రాత్రి దుప్పటి కప్పుకున్నాక
షెడ్డు నా తలలోకొచ్చి ఆన్ అవుతుంది.
దీనికి స్విచ్చి యాడుందమ్మా అని అడిగితే
ఆ పిల్ల కాగితం మడిచి చేతిలో పెట్టింది.

ఏ దేశంలోనో ఏ హోటల్లోనో
నే కోసిన నల్లరాయి పరిచి ఉంటది,
లోపల బంగారు చుక్కలతో.
దాని మీద ఎవరో చెప్పుల్లేకుండా
చప్పుడు కాకుండా నడిచిపోతుంటారు.

ఇయ్యాల పొద్దున
వంటింటి గడపలో నిలబడి శేషమ్మ
ఏం అరవలేదు.
రెండు వేళ్ళెత్తింది.
ఎవరు నేర్పారో, ఎన్నాళ్ళు నన్ను చూసి నేర్చుకుందో.

గిన్నెలో పాలు అడుగునున్నాయి.
నేను అరచెయ్యి తిప్పాను.