ఈనె ఆరేదాకా

కొండపి రోడ్డు పక్కన మా కౌలు బ్యారన్.
మూడో రాత్రి. థర్మామీటరులో నూట ఇరవై ఎనిమిది.
ఆకు పసుపు తేలింది,
ఈనె మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.
గంటకు రెండు డిగ్రీలు. అంతకు మించితే కమిలిపోద్ది,
తగ్గితే మచ్చ పడుద్ది.
తెల్లారేదాకా ఈ గాజు కిటికీలో
టార్చి వేసి చూట్టమే నా పని.
కాపలా నాకేం కొత్త కాదు.
ఎటొచ్చీ ఇక్కడ శత్రువు నిద్రొక్కటే.

చొక్కా జేబులో కాల్ లెటరు.
మంగళారం పొద్దున ఆరింటికి అక్కడుండాలి.
బ్యారన్ దిగేది సోమారం.
ఎవరు లెక్కేశారో గానీ
మధ్యలో ఒక్క రాత్రి మిగిల్చారు నాకు.

పాలేరు ఇసకలో ఏడాది పరిగెత్తా.
అయిదు నిమిషాల పన్నెండు సెకండ్లు.
గాలి పీలిస్తే ఛాతీ ఎనభై మూడు.
ఆకు జిగురుకి నల్లబడ్డ నా వేళ్లను
వేలిముద్రల మిషను మూడుసార్లు ఒప్పుకోలా,
కిరసనాయిలు పెట్టి రుద్దితే నాలుగోసారి
నేను నేనే అని నమ్మింది.

నాతోపాటు పరిగెత్తిన కాలేషాని
మోకాళ్లు కలుస్తున్నాయని పక్కన నిలబెట్టారు.
వాడిప్పుడు నా కాళ్ల వంక చూసి మాట్లాడతాడు,
మొహం వంక చూడడు.

హవల్దారు మాలకొండయ్య మావ
వేలం కేంద్రం గేటు కాడ చీటీలు రాస్తుంటాడు.
"పోనా మావా?" అంటే
బేళ్ల లారీ ఒకటి వెనక్కి తిరిగిందాకా ఆగి
"బూట్లు అరసైజు పెద్దవి అడుగు" అన్నాడు.
పదిహేడేళ్ల సర్వీసు.
ఇంకా ఏదో చెబుతాడని నిలబడ్డా.
"అడిగినా ఇయ్యర్లే" అన్నాడు.

నాలుగేళ్లంట.
నలుగురిలో ఒకణ్ణి ఉంచుకుంటారంట.
మాకిది తెలియని లెక్కా?
వేలంలో బేలు విప్పి, ఆకు నలిపి, వాసన చూసి
నో బిడ్ అని గీత కొట్టి పంపేస్తారు.
నాయన దాన్ని ఇంటికి తెచ్చి
మళ్లీ గ్రేడు తీసి, మళ్లీ తొక్కి,
మళ్లీ గోతం కుడతాడు.
ఇరవై మూడేళ్లకు తిరిగొస్తే
నన్నెవరు విప్పి కుడతారు?

దేశం దేశం అని అకాడెమీ సారు అరిపించేవాడు,
నేనూ అరిచేవాణ్ణి, గొంతు బాగానే లేచేది.
నిజం చెప్పాలంటే
నాకు చలి చూడాలనుంది.
నోట్లోంచి ఆవిరి రావడం,
నీళ్లు రాయిలా పడుండటం.
పుట్టినకాడి నుంచి పొయ్యి ముందే కదా నేను.
ఈ మాట ఎవరికీ చెప్పలా.
ఇంత చిన్న కారణానికి
అంత పెద్ద తుపాకీ ఇస్తారా ఎవరైనా?

కాయితాలు నింపాలి.
ఒంటి మీద గుర్తులు, రెండు.
ఎడమ చేతి మీద, బ్యారన్ గొట్టం కాల్చిన మచ్చ,
నా పన్నెండో ఏట.
రెండోది నాకు దొరకలా.
పొద్దున అమ్మే చెప్పింది,
కుడి చెవి వెనక పుట్టుమచ్చంట.
పందొమ్మిదేళ్లు మోశా, చూళ్లేదు.

దాని కింద గడి: నామినీ.

పొయ్యిలో కట్టె చిటపటమంది.
పెన్ను కదల్లా.
పగలంతా పుల్లలకు ఆకు కట్టి
పట్టా మీద ఒరిగిన అమ్మని లేపా.
"ఆధార్లో నీ పేరెట్టుంది?"
"వెంగమాంబ. దీర్ఘం మింగేశారంటగా మీసేవలో.
ఎందుకూ, పంట బీమాకా?"
"అట్టాంటిదే."
"ఎంతొస్తదంట?"

టార్చి వేశా. నూట ముప్పై ఆరు.
పరిగెత్తుకెళ్లి రెండు జామాయిలు మొద్దులు
పొయ్యిలోంచి బయటికి లాగి నీళ్లు గుమ్మరించా.
ఆ పొగకి దగ్గుతూ, కళ్లు తెరవకుండానే అంది అమ్మ:
"నిదానంగా రానీరా.
ఈనె ఆరేదాకా
తొందరపడబాక."