రెండోదాంట్ల మేం లేము

మొదటిది మా వంటింట్ల రికార్డు చేసిండ్రు.
బల్లార్పూర్, కాలరీ క్వార్టర్లు, ఎండకాలం.
కిటికీకి మా ఆయన పాత రగ్గు కొట్టి,
గుడ్ల ట్రేలు గోడకు అంటిచ్చి
"మౌషీ, గంటసేపు చప్పుడు చెయ్యకు" అన్నరు.
పొయ్యి మీద పప్పు ఉన్నదని
ఎవరికీ యాదికి లేదు, నాకు సుత.
మూడో పాటల, విక్కీ గొంతు పైకి పోయే జాగల
నా కుక్కర్ మూడు విజిల్లు కొట్టింది.
తియ్యరాలేదో, తియ్యబుద్ధి కాలేదో,
ఉంచిండ్రు.

బ్యాండు పేరు మూడో షిఫ్ట్. ఆల్బం పేరు దుబ్బ.
గడ్‌చాందూర్ దాంక మెమరీ కార్డులల్ల పోయింది.
కిరాణం కాడ నన్ను చూసి పోరగాండ్లు
నోటితోని విజిల్ కొట్టేటోళ్లు,
సరిగ్గా మూడు.

రెండోది పుణెల చేసిండ్రు. పేరు నీలం.
ఏసీ గది, తలుపు మీద తలుపు.
లోపల సూది పడ్డా వినబడుతదంట,
బయట లారీ బోర్ల పడ్డా వినబడదంట.
నెలయ్యింది వచ్చి.
నెల సంది మా వార్డు రెండు ముక్కలు.

సెలూన్ల నక్షినే అంటడు:
"దుబ్బ పెడితే చేతుల కత్తి అదిరేది,
ఇద్దరి గదువలు కోసిన.
ఇది పెడితే గిరాకీ కుర్సీల్నే గుర్రు పెడుతుండు.
ధందాకు ఇదే నయం.
పాటకా? అది నన్నడగకు."

గూడ్సు డ్రైవర్ ఓదేలన్న అలిగిండు.
దుబ్బ ఆఖరి పాటల పొడుగు హారన్ తనదేనని
రెండేండ్లు కాజీపేట రన్నింగ్ రూముల చెప్పుకున్నడు.
(ఆ దినం ఆయన లీవుల ఉండె.
నాకు తెలుసు. చెప్ప.)
నీలం రెండుసార్లు విన్నడు, చెవి ఆనిచ్చి.
"ఒక్క బండి పోదు వాళ్ల ఊర్లె" అన్నడు.

డ్రమ్ములు కొట్టే బబ్లూ వాళ్ల ఆజీ:
"అప్పుడు వింటే తల నొచ్చింది.
ఇప్పుడు నొస్తలేదు.
పిలగానికి పెయ్యి బాగలేదా ఏంది?"

నడుమ విడిచిపోయిన పోశం
చంద్రపూర్ బంకుల పెట్రోల్ పోస్తడు.
వినలేదన్నడు. టైమెక్కడిది అన్నడు.
స్కూటీల పోసుకుంట మాత్రం
నాలుగో పాట బేస్ వేళ్లతోని పైపు మీద కొట్టిండు,
ఒక్క దెబ్బ తప్పకుంట.

ప్రణాళి ఒక్కతే నాతోని కొట్లాడింది.
నర్సింగు చదువుతది, మాట సూది లెక్కనే.
"మౌషీ, దుబ్బల వాడు అరుస్తడు.
అరిస్తే మాటతోని పని లేదు.
నీలంల మెల్లగ పాడిండు,
మాట మీద నిలబడాల్సొచ్చింది వానికి.
చప్పుడు ఎక్కువుంటే నిజం ఎక్కువున్నట్టా?
మీకు కావల్సింది పాట కాదు,
హాజరి."

హాజరి.
మా ఆయన ముప్పై ఏండ్లు
బాయి గేటు కాడ వేసుకున్న హాజరి.
ఆ మాట రాత్రి దాంక నా ఎంబడి తిరిగింది.

తలుపేసి, పిల్ల ఇయర్‌ఫోన్లు అడుక్కొని
మొత్తం విన్న.
బాగున్నది.
ఒప్పుకోవాలె కద, బాగున్నది.
ఐదో పాటల నాయిన టిఫిన్ డబ్బ
మూత తీసే కాడ ఒకటే తీగ మోగుతది.
నేను లేచి నీళ్లు తాగొచ్చిన.
మళ్ల పెట్టుకొని విన్న.
చరణానికీ చరణానికీ నడుమ
విక్కీ గాలి పీల్చిన చప్పుడు, సన్నగ,
పిల్లికూత.
మా వార్డుల సగం మంది రొమ్ములల్ల ఉన్నదే.
రాత్రి బదిలీ దిగొచ్చి మా ఆయన నిద్రపోతే
గోడకు ఇవతల నాకు వినబడిందే.
పుణె మిషిన్లు అన్నీ కడిగినయి,
అది పోలె.

ప్రణాళికి చెప్పలె.
ఓదేలన్నకైతే అసలే చెప్పలె,
ఆ కూత సుత తనదే అంటడు.

పొద్దుగాల కందిపప్పు కడిగి పొయ్యి మీదేసిన.
ఫోన్ల నీలం పెట్టిన, మూడో పాట.
విక్కీ గొంతు తగ్గే జాగల, మెత్తగ, శానా మెత్తగ తగ్గే జాగల
కుక్కర్ కూసింది.
తప్పు జాగ.
పాటను ఆపలె, మంట తగ్గియ్యలె.
పప్పు ఉడకాలంటే
ఇంక రెండు రావాలె.