లప్పం కింద

తాటిపాక సెంటర్లో మా షెడ్డుకి
మొన్న శ్రావణంలో వరద తాగిన
రాజ్‌దూత్ ట్యాంకు వచ్చింది.
మూత తిప్పితే పెట్రోలు వాసన కాదు,
లంకమట్టి వాసన.

చింతపండు పులుసు పోసి
రెండు రాత్రులు నానబెట్టాను.
గుప్పెడు నట్లు, తెగిన చైను ముక్క లోపలేసి
ఒళ్ళో పెట్టుకుని ఊపుతుంటే
చంటిపిల్లకి గిలక ఆడిస్తున్నట్టుందని
టీ కుర్రాడు ఒకటే నవ్వు.
ముందు ఎర్రనీళ్ళు. తర్వాత నల్లవి.
ఆఖర్న ఒక వరిగింజ, ఎలా దూరిందో.
సోడా నీళ్ళతో, ఆపైన కిరసనాయిలుతో కడిగి
ఎండకి బోర్లించి
టార్చి వేసి చూస్తే
తోమిన గిన్నె అడుగు.

ఇక పైరంగు గీకడం.
నలుపు కింద నీలం,
నీలం కింద లేత కొబ్బరాకు పచ్చ,
పచ్చ కింద, ఒక్కచోటే, లప్పం.

అది పెచ్చులూడాక గుర్తుపట్టాను.
కుడి మోకాలు తగిలేచోట
అర్ధరూపాయంత సొట్ట.
నా పద్నాలుగో ఏట
నా చేతిలోంచి జారిన సుత్తి.
ఆ సాయంత్రం జలీల్ మేస్త్రి నన్ను కొట్టలేదు.
తలుపు దగ్గరికేసి లప్పం కలిపాడు.
పొద్దున్నే దేవసహాయం గారితో
“కొత్తదానిలా లేదటండీ?” అన్నాడు,
నా వైపు చూడకుండా.

మేస్త్రి పోయి పదకొండేళ్ళు.
ట్యాంకు తెచ్చిన దేవసహాయం గారి మనవరాలు
“ఈ సొట్ట ఎప్పటిదండీ?” అంది.
నాదేనండి, అన్నాను.
ఆ అమ్మాయి సొట్టలో బొటనవేలు ఆనించి చూసి
“అయితే రెండొందలు తగ్గించండి” అంది.

తగ్గించాను.
లప్పం మాత్రం ఈసారి
కాస్త పల్చగానే పెట్టాను.