ఆపిన కారణం

రిజిస్టరులో చివరి గడి మరీ ఇరుకు.
"మందు ఆపిన కారణం" అని పైన,
కింద రెండు మాటలకు మించి పట్టవు.

పని చేయలేదు.
పడలేదు.
ఇక రాలేదు.

హానుస్ చేపల ఓడలో వంటవాడు.
ఎనిమిది వారాలకోసారి ఓడ దిగి
తోర్ష్‌హావ్న్ ఆసుపత్రిలో ఈ కుర్చీలో కూర్చునేవాడు,
చెయ్యి నాకిచ్చి, కళ్ళు కిటికీకిచ్చి.
సెలైన్ సీసా ఖాళీ అయ్యేదాకా
తుఫానులో పులుసు ఒలకకుండా ఎలా కాయాలో చెప్పేవాడు.
ఐదేళ్ళ నాలుగు నెలలు
కడుపులో చల్ల కదల్లేదు.
ఆ తర్వాత ఒంటికి మందు ఆనవాలు చిక్కింది,
గుమ్మంలోనే ఆపేసింది.
"పని చేయలేదు" అని రాశాను.
అబద్ధం. చేసింది.
ఐదేళ్ళ నాలుగు నెలలు చేసింది.

రన్‌వాది వేరే కథ.
పదకొండో నెలలో, తగ్గాక మానేసింది.
ఫోన్ చేస్తే కోపం లేకుండానే చెప్పింది:
"ఫ్రిజ్‌లో వెన్న పక్కన ఆ డబ్బా.
తలుపు తీసిన ప్రతిసారీ
నువ్వు రోగివి, నువ్వు రోగివి అంటుంది.
రొట్టెకి వెన్న రాసుకోవడానికే కదా నేను తీసేది!"
బాగుండటమే ఆ మందు చేసే పని అన్నాను.
అటునుంచి గొర్రెల అరుపులు, గాలి.
ఆమె వింటూనే ఉంది, ఒప్పుకోకుండా.

కోపెన్‌హాగన్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు
తెర మీద గీత చూపించాడు:
ఏడాదికి ఇంతమంది మిగిలారు, మూడేళ్ళకి ఇంతమంది.
గీత మెట్లు మెట్లుగా దిగుతోంది.
అందరూ కింది అంకె చూశారు.
నేను మాత్రం ఆ పొడుగాటి మెట్టు చివర
గరిటెతో నిలబడ్డ హానుస్‌ని చూశాను.
వెన్న కత్తి పట్టుకుని రన్‌వా
చాలా పైనే దిగిపోయింది.
కాఫీ బాగుంది. ప్రశ్నలెవరూ అడగలేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం
తడిసిన కోటుతో తలుపు దగ్గర రన్‌వా,
ఏడు కిలోలు తగ్గి.
కోటు హీటరు మీద ఆరేసి
ఆ కుర్చీలోనే కూర్చుంది.
నేను కొత్త వరస తెరిచాను, కొత్త తేదీ వేశాను.
తిరిగొచ్చిన కారణానికి గడి లేదు.
నేనూ అడగలేదు.

"ఏ చెయ్యి?"
"ఎడమది," అంది.
"కుడిచేత్తో అల్లుకోవాలి."
సంచిలోంచి సగం అల్లిన మేజోడు తీసింది.
రెండు చేతులూ లేనిదే అల్లిక సాగదని
ఇద్దరికీ తెలుసు.