పన్నెండు కిలోలు

మనకి మంచు అంటే ఒకటే మాట.
తెల్లారగట్ట గడ్డి మీద మెరిసేదీ అదే,
సోడాలో తేలేదీ అదే.
లేనా నది పాయ ఒడ్డున తుయారాకి అలా కుదరదు.
నీలంగా గాజులా ఉన్నది ఒక లెక్క,
బుడగలు పట్టి విరిగిన పాలలా తెల్లబడ్డది ఇంకో లెక్క.
తెల్లదానికి సగం మార్కులే.

నవంబరు ఇరవై రెండు. సున్నాకి కింద ముప్పై ఒకటి.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి
వంద అడుగులకొకటి చొప్పున నదికి చిల్లులు పెడుతుంది.
బరమా గిరగిరా తిరిగి తిరిగి
ఉన్నట్టుండి జారుతుంది,
నల్లటి నీళ్లు గుడగుడమని పైకొస్తాయి.
కొక్కెం ఉన్న కొలబద్దని దించి,
అడుగంచుకి తగిలించి, లాగి చూస్తుంది
కొలతలు తీసే దర్జీలా, ముఖం చూడకుండా.

పద్నాలుగో చిల్లు: నలభై ఒక్క సెంటీమీటర్లు.
పై ఎనిమిదీ తెలుపు. సగం కొట్టేస్తే ముప్పై ఏడు.
ముప్పై ఏడుని ముప్పై ఏడుతో హెచ్చవేసి,
వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చవేస్తే
ఐదు వేల నాలుగు వందల డెబ్భై ఆరు.
అన్ని కిలోలు. ఈ పూటకి అంతే.
మిగతా చిల్లులన్నీ ఇంతకంటే ధారాళమైనవే,
కానీ లారీ పద్నాలుగోదాన్ని ఎగిరి దాటదు కదా.

ఎర్చిమెన్ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ రాజుకోదు.
గోధుమపిండి, ఉప్పు, బడికి ఒక ఇనప పొయ్యి.
తూకం చీటీ మీద ఆరు వేల రెండు వందలు.

అతని కొలతలు అతనికీ ఉన్నాయి.
ఉమ్మితే నేల తాకేలోపు టిక్కుమందా, చలి ముదిరినట్టు.
గుర్రాలు గాలికి వీపు తిప్పాయా, ఇంకో రెండ్రోజులు కదలకూడదు.
వాళ్ల మేనత్త చేప కార్జం లావు చూసి
చలికాలం ఎంత పొడుగో చెబుతుంది.
పదిలో ఆరుసార్లు నిజమవుతుంది,
ఊరందరికీ ఆ ఆరే గుర్తు.

"ముప్పై ఏళ్లుగా తోలుతున్నా. చప్పుడు వింటే చాలు నాకు."
"మునిగినవాళ్లూ విన్నారు," అంది తుయారా.

యాభై కిలోల బస్తాలు పదహారు దింపారు.
చీటీ ప్రకారం సరిపోయింది.
అతను తలుపు మీద చెయ్యి వేశాడు.
"నీ బరువెంత?"
సంతలో పొట్టేలుని బేరమాడినట్టుంది ఆ అడగడం.
"ఎనభై ఎనిమిది. అన్నం తినకముందు."
వేళ్ల మీద లెక్క కట్టింది. పన్నెండు కిలోలు ఎక్కువ.
కోటు విప్పేస్తానన్నాడు. బూట్లు విసిరేస్తానన్నాడు.
"పన్నెండు కిలోల్ని నది చూస్తుందా?"
"నది చూడదు. నేను చూస్తాను."

పదిహేడో బస్తా దిగింది.

రెండు తలుపులూ బార్లా తెరిచి, బెల్టు విప్పి,
పెళ్లి ఊరేగింపంత నెమ్మదిగా వెళ్లాడు.
జోరుగా పోతే అడుగున నీరు అలై లేస్తుంది.
పద్నాలుగు దగ్గర నది
పొడుగాటి తీగ తెగినట్టు ఒక్క కేక పెట్టి
ఊరుకుంది.
ఆవల రెండుసార్లు హారన్.

అంతే. ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడానికే ఆమెకి జీతం.
మునిగి ఉంటే లెక్క తప్పని తెలిసేది.
గట్టెక్కాడు కాబట్టి
లెక్క గట్టెక్కించిందో, నదికి ఆ పూట ఆకలి లేదో,
పదిహేడు బస్తాలతోనే గట్టెక్కేవాడో,
ఎవరు చెప్పాలి?

ఆవల దుకాణంలో అక్సీన్యా
వచ్చిన బస్తాలు లెక్కపెట్టి, ఇళ్లు లెక్కపెట్టి,
"రొట్టె గురువారం దాకా," అంది.
ఆమె ఇంతవరకూ తప్పలేదు.

రాత్రి ముప్పై ఎనిమిదికి దిగింది.
తెల్లారేసరికి పద్నాలుగో చిల్లు పూడిపోయింది.
జానెడు పక్కన మళ్లీ దింపితే నలభై మూడు.
పెరిగిన రెండూ నీలమే.
గట్టున వదిలేసిన బస్తాల మీద
బరువు రాయనక్కర్లేని ఒక బొంతకాకి
ఒక్కో బస్తా తొక్కి చూస్తూ
ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది.