భుజానికి నూనె

పొట్టంగి దాటాక మూడో మలుపులో
మా ఊరి కొండకి ఇప్పుడు పదకొండు భుజాలు.
అన్నీ ఇనుపవే. ఒక్కోదానికీ తెల్లరంగుతో ఒక అంకె.
నిచ్చెనెక్కి వాటికి గ్రీజు రాసేది నేను.

మా తాత భుజానికి అంకె లేదు.
ఎడమవైపు, మెడ దిగినచోట, కోడిగుడ్డంత కాయ.
కింద ఎండకి తాళలేక
వేసవి వేసవికీ సాలూరు ఘాటీ ఎక్కి దొరలొచ్చేవారట,
వెదురుబొంగులకి కట్టిన పేము కుర్చీల్లో.
కుర్చీకి నలుగురు, మార్పుకి నలుగురు,
ముందు గొడుగువాడు, వెనక సోడాపెట్టె.
లోయ కనబడితే దొరసాని కళ్ళు మూసుకునేది.
మోసేవాడికి ఆ వీలు లేదు.

"ఏటవ్వా, ఎంత బరువుండీవోరు ఆళ్ళు?" అంటే
"మీ తాత బుజం పిసికితే నాకు తెలిసిపోయీది.
కలకటేరుకి రెండు రాత్రుల ఆవఁదం.
ఆడి అత్తకి నాలుగు."

బంగళా చరిత్ర రిజిస్టరులో ఉంది,
చెదలు తినగా మిగిలినంత:
'దృశ్యం అమోఘం. కోడి ఉడకలేదు.'
'పొగమంచు వల్ల ఏమీ కనబడలేదు. మళ్ళీ వస్తాం.'
మళ్ళీ వచ్చిన సంతకం లేదు.
దొరలు పోయాక జీపులొచ్చాయి, ఫారెస్టువాళ్ళొచ్చారు,
ఒక ఏడాది సినిమావాళ్ళు, వలిసె పూల కోసం.
పూలు రాలాక వాళ్ళూ సామాను సర్దుకున్నారు.
ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు అందులో మేకలు దిగాయి.
వాటిని సంతకం అడిగినవాడు లేడు.

ఇప్పుడు కంపెనీ వచ్చింది.
పెంకులు తీసి నీలం రేకు వేసింది, రేకు కింద చలిగది.
గదిలో మిషను రోజంతా మంచు కక్కుతుంది.
ఇరవై గజాల వాలు మీద
కాళ్ళకి పొడుగు బద్దలు కట్టుకుని
బరంపురం కుర్రాళ్ళు, విజయనగరం కొత్త జంటలు
జారి, పడి, ఫొటో దిగి,
అద్దె కోటు విప్పి ఇచ్చి వెళ్తారు.
ఆ కోట్లు ఆరేసేది మా మేనకోడలు గురుబారి.
చేతులు పగిలాయి. జీతం మాత్రం
ఒకటో తారీకున పడుతుంది. అదీ చెప్పాలి కదా.

తాడు మీద కుర్చీలు తిప్పే ముందు
మనుషుల బదులు ఇసక బస్తాలు కూర్చోబెట్టారు,
కుర్చీకి రెండు, బస్తాకి ఎనభై కిలోలు.
అవ్వని మంచంతో సహా వీధి అరుగు మీదకి తెచ్చాం.
నలభై కుర్చీల్లో ఇసక దొరలు
గొడుగు లేకుండా, సోడా అడక్కుండా
చోడి మళ్ళ మీదుగా వరసగా పైకి పోతున్నారు.
అవ్వ చాలాసేపు చూసింది.
"నయఁవే. కాల్తో తన్నరు."
కాసేపాగి, స్తంభాలకేసి గడ్డం చూపి,
"మరాటికెవులు రాస్తారు నూనె?"

నాకప్పటికి ఉద్యోగం రాలేదు.
ఈ పనే కావాలని అడిగానో
చివరికి మిగిలిందే ఇచ్చారో, ఇప్పుడు గుర్తులేదు.

పుష్యమాసం తెల్లవారకముందు
ఏడో నంబరు పైన గ్రీజు గడ్డకడుతుంది.
గుప్పిట్లో వెచ్చబెట్టి కప్పీల సందుల్లోకి కూరతాను,
బొటనవేలితో, గుండ్రంగా, అవ్వ రాసినట్టే.
ఇక్కణ్ణించి చూస్తే
నీలం రేకు మీద, కోసిన చోడి దుబ్బుల మీద
ఎవరూ టిక్కెట్టు పెట్టని మంచు, గోరంత మందాన.
మా ఊరి పిల్లలు జీలుగ మట్టల మీద కూర్చుని
కుర్చీల దారి కిందుగా సర్రున జారుతున్నారు,
లాగులు తడిసి, నోటినిండా పొగలు.
ఒకడు నన్ను చూసి పేరుపెట్టి వెక్కిరించాడు.

ఏడింటికి మోటారు వెయ్యాలి.
వేస్తే గార్డు వస్తాడు, ఈల ఊదుతాడు.

పెన్సిల్ని నోట తడిపి లాగుబుక్కులో రాశాను:
'ఏడో నంబరు కప్పీ బిగుసుకుంది.
పది నిమిషాలు ఆలస్యం.'